పాలు వదిలిన మనిషి

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, మెట్రో మెట్లకు ఎదురుగా కొత్తగా అద్దాల గోడలతో ఒక దుకాణం పెట్టారు. మొన్న బస్సు కోసం నిలబడి దాని బోర్డు చదివాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. కంటికి కనబడ్డ బోర్డు చదవకుండా ముందుకు పోలేను. దాని మీద ఇలా ఉంది: పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు, కేకు మాత్రం ఉంది.

రెండుసార్లు చదివాను. సంతోషం కాదు, కోపం వచ్చింది. పోయినేడు ఇదే చలికాలంలో ఇద్దరం ముసలివాళ్ళం ఈ దారంతా మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగాం. అప్పుడు ఈ అద్దాల చోట సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతుండేవి. ఆ కవర్లవాణ్ణి కూడా ఆమె వదల్లేదు.

"ఏం నాయనా, ఇటుపక్క పాలు లేని కేకు ఎవరన్నా చేస్తారా?"

వాడు తల కూడా ఎత్తకుండా, "ఏ మోడల్ అమ్మా?" అన్నాడు.

ఆమె ఇప్పుడు లేదు. మొన్న కార్తీకంలో పోయింది. పేరు రాయను. తన సంగతులు నలుగురి నోట్లో పడటం ఆమెకు గిట్టేది కాదు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను ఏమే అనేది.

వనస్థలిపురంలో నా ఇస్త్రీ డబ్బాకు ఎదురు అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో, కొడుకూ కోడలూ మనవరాలితో ఉండేది. వాళ్ళది బెజవాడ అవతల ఊరు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆమె మాటకు హైదరాబాదు నీళ్ళు తగల్లేదు. నేను ఏంది అంటే ఆమె ఏంటి అనేది. నేను గట్ల అంటే, "గట్లు పొలంలో ఉంటాయే" అనేది. పోట్లాటలా ఉండేది గానీ పోట్లాట కాదు.

ఆమె కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. ఆ సంగతి తర్వాత చెప్తాను. కాఫీ నడుస్తూ తాగేది. టీవీ గుమ్మం పట్టుకుని నిలబడి చూసేది. ఆమె కోసమని డబ్బా ముందు ఒక స్టూలు వేశాను. వచ్చి, చేతిసంచీ దాని మీద పెట్టి, తను పక్కన నిలబడేది. అదీ ఒకచోట నిలబడటం కాదు, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి.

"కూచోరాదు అక్కా, స్టూలు నీకేసిన, నీ సంచికి కాదు."

"కూర్చుంటే మళ్ళీ లేవాలిగా" అనేది.

ఇక ముక్కు. అలాంటి ముక్కు నేను ఇంకొకరికి చూడలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వాసన చూసేది. ఎడమకన్ను కొంచెం మూసి, రెండుసార్లు చిన్నగా పీల్చేది. ఇస్త్రీ చేసిన చీరను కూడా అలాగే. "ఇవ్వాళ బొగ్గుల్లో చింతకర్ర వేశావే" అనేది. వేసే ఉండేదాన్ని. ఒకరోజు నా డబ్బా దగ్గర నిలబడి, "మూడో అంతస్తులో ఎవరివో పాలు విరిగాయి. పైకెళ్ళి చెప్పు, టీ పెట్టుకుంటారేమో" అంది. నేను నవ్వి ఊరుకోలేదు, నిజంగా పైకి పోయాను. తలుపు తీసినామె చేతిలో గిన్నె ఉంది, గిన్నెలో విరిగిన పాలున్నాయి. నీకెట్ల తెలుసు అని నన్నే అనుమానంగా చూసింది.

నాకు అక్షరాలు నేర్పింది కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నం పూట చెప్పిన టీచరమ్మ. కానీ చదవడం నేర్పింది ఈమె. ఇద్దరం కూరగాయలకు పోతే ఒక్కో బోర్డు దగ్గర ఆగి, "అది చదువు" అనేది. నేను కూడబలుక్కునేసరికి తను పది అడుగులు ముందుండేది. "నీకు రాదా అక్కా?" అంటే, "నాకొచ్చు. నీకు రావాలి" అనేది వెనక్కి తిరగకుండానే. పరిగెత్తుతూ చదువు నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పాల సంగతికి వస్తాను. భర్త పోయాక అస్థికలు కలపడానికి వాళ్ళ ఊరివాళ్ళ బస్సులో కాశీకి వెళ్ళింది. కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైన తిండి ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి. మళ్ళీ జన్మలో ముట్టకూడదు. బస్సులో అందరూ కాకరకాయ వదిలారట. ఒకామె పనసపండు వదిలింది, అది ఆమె ఏడాదికొకసారి కూడా తినదట. ఈమెకు ఒళ్ళు మండింది.

"ఇష్టమైంది వదలమంటే చేదు తెచ్చి గంగలో పోస్తారా! చూసేవాళ్ళు లేరనా?" అని నాతో చెప్పేటప్పుడు కూడా తొడ చరుచుకుంది.

ఆమె పాలు వదిలింది. పాలంటే పాలొక్కటే కాదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, పాలతో పుట్టినదేదైనా సరే. మీగడ పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదనే మనిషి. అప్పట్నుంచీ నల్ల కాఫీ తాగేది, చివరి ముద్దలో మామిడికాయ పచ్చడి నూనె కలుపుకునేది. గుడ్డూ మాంసం ఎలాగూ ముట్టని ఇల్లే. "ఒక్కసారికి కాశీ ఏమీ అనుకోదులే అమ్మా" అని కొడుకు ఎన్నిసార్లన్నా, "నేననుకుంటానురా" అనేది. అంతే.

ఇబ్బంది మనవరాలి పుట్టినరోజు దగ్గర వచ్చింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే కదా. పిల్ల కేకు కోస్తుంది, ఒక్కొక్కరి నోట్లో ముక్క పెడుతుంది. పిల్ల ముక్క పట్టుకుని వస్తే ఈమె దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి పిల్ల నోట్లోనే పెట్టేది. చిన్నప్పుడు పిల్లకు అదొక ఆట. ఆరో ఏడు వచ్చేసరికి ఆట కాకుండా పోయింది. ఏడోది దగ్గరపడుతుంటే ఒక పొద్దున ఆమె డబ్బా దగ్గరికి వచ్చి, సంచీ స్టూలు మీద పెట్టి, స్టూలు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"ఏమైందక్కా, గట్ల పరేషాన్ ఉన్నవు?"

"ఈసారి కేకు కొయ్యదట. నా చెయ్యి మంచిది కాదా నానమ్మా, అందరూ తింటారు నువ్వు తినవు అని అడిగిందే. ఏం చెప్పను? గంగ గురించి చెప్పనా దానికి?"

"కోడలితోని చెప్పు. ఫోన్ల ఆర్డర్ పెడితే పాలు లేనిది ఎక్కడిదైనా ఇంటికే ఒస్తదంట."

"వాసన చూడకుండా కొనేదేంటే? నడు, వెతుకుదాం."

"ఇప్పుడా? బొగ్గులు అంటుకున్నయి."

"బొగ్గులెక్కడికీ పోవు."

అలా మొదలైంది. బస్సులో నిలబడి ఎల్‌బీ నగర్ వచ్చి, అక్కడి నుంచి మెట్రో స్తంభాల కింద కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడక. క్రిస్మస్ రోజులు, ప్రతి బేకరీ ముందూ నక్షత్రాలు వేలాడుతున్నాయి. ఒక్కో బేకరీ బోర్డు దగ్గర "అది చదువు" అంటుంది. నేను చదివేలోపు లోపలికి పోయి కౌంటరు మీద వాలిపోతుంది.

మొదటి దుకాణంలో ఆమె ఇంకా నోరు తెరవకముందే, "ఎగ్‌లెస్ ఉందమ్మా" అన్నాడు.

"గుడ్డు సంగతి కాదు నాయనా. పాలు లేనిది కావాలి."

"ఎగ్‌లెసే అమ్మా. ప్యూర్ వెజ్."

"పాలుంటాయా?"

"పాలు వెజ్జే కదమ్మా!" అని పక్కవాడితో కలిసి నవ్వాడు.

రెండో దుకాణంవాడు నయం. "గుడ్డు లేకుంటే పాలు డబల్ పోస్తమమ్మా. లేకుంటే ఎట్ల పొంగుతది?" అన్నాడు. బయటికి వచ్చాక, "వీడు నిజం చెప్పాడు, వీడికి పుణ్యముంటుంది" అంది. మూడోవాడు కేకు మీద క్రీము చూపించి, "ఇది పాలది కాదమ్మా, నూనెతోని చేస్తరు, కళ్ళు మూసుకోని తీసుకపోండి" అన్నాడు. ఆమె నిజంగానే ఒక కన్ను మూసి రెండుసార్లు పీల్చింది. "పైన సరే. లోపల వెన్న ఉంది, పాలపొడి కూడా ఉంది" అంది. లోపల్నుంచి ఒక మనిషి తల బయటపెట్టి, ఎవరు ఈమె, ఆఫీసర్ల తరఫునా అని అడిగాడు.

కొత్తపేటలో ఒక ఏసీ దుకాణం పిల్ల మాత్రం మర్యాదగా వింది. "వీగన్ కేక్ కావాలా ఆంటీ? మా దగ్గర లేదు. అటు బంజారాహిల్స్ వైపు దొరుకుతుంది. పాలు, నెయ్యి, గుడ్లు ఏవీ తిననివాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం చేస్తారు."

"అన్నీ వదిలేశారా? వాళ్ళూ కాశీ వెళ్ళొచ్చారా?"

"లేదు ఆంటీ, జంతువుల కోసం."

ఈమె "గేదె కోసమా! బానే ఉంది. కాకరకాయ వాళ్ళకంటే నయం" అంది. ఆ పిల్లకు అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు.

రెండో రోజు సాయంత్రానికి నా మోకాళ్ళు లేవనన్నాయి. ఒక స్తంభం అరుగు మీద కూలబడ్డాను. "అక్కా, జర ఆగు. నీకు పుణ్యముంటది, నా కాళ్ళు నీ లెక్క ఇనుపవి కావు."

"ఆగితే పట్టేస్తాయే. లే."

"పిల్లకు నచ్చజెప్పరాదు? ఏడేండ్ల పిల్ల కోసం ఊరంతా తిరుగుతున్నవు."

నాకు నోరు ఆగదని మా వాడంతా చెప్తారు. ఉన్నమాట మొహం మీదే అంటాను. ఆమె నా ఎదురుగా నిలబడి, స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "అది నా చెయ్యి మంచిది కాదా అనడిగింది. నువ్వు విన్లేదు ఆ మాట. విన్నదాన్ని నేను" అంది. నేను లేచాను.

మూడో రోజు నాకే తట్టింది. ఇంత తిరుగుడులో అసలు సంగతి మర్చిపోయాను. మూసారాంబాగ్‌లో ఒక సందు లోపల బిస్కెట్లు కాల్చే పాత భట్టీ ఉంది. బోర్డు కూడా ఉండదు, అందుకే నా కంటికి ఆనలేదు. వేసవి సెలవులొస్తే, పెళ్ళిళ్ళొస్తే మేమంతా మైదా, చక్కెర, డాల్డా మేమే మోసుకుపోయి అక్కడ బిస్కెట్లు చేయించుకునేవాళ్ళం. సామాను మనది, చెయ్యి వాళ్ళది. మనమేమిస్తే అదే పడుతుంది. మా ఆడబిడ్డ పెళ్ళికి రెండు డబ్బాలు అలాగే చేయించాం.

మైదా, చక్కెర, కొబ్బరినూనె సీసా పట్టుకుని పోయాం. భట్టీ భాయ్ ఇప్పుడు గడ్డం నెరిసి ఉన్నాడు గానీ నన్ను గుర్తుపట్టాడు.

"పాలు, గుడ్డు, వెన్న, డాల్డా, ఏదీ పడొద్దు భాయ్" అన్నాను.

"అరే, మరి కేక్ ఎందుకమ్మా? ఇంట్ల రొట్టె చేస్కోండి!"

మూడు రోజుల్లో మొదటిసారి ఆమె నవ్వింది. భాయ్ తల గోక్కుని, "అయితది. నిమ్మకాయ, సోడా ఏసి పొంగిస్త" అన్నాడు.

ఆమె అక్కడి రేకు గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తి వాసన చూసి, వెన్న తగిలినవన్నీ పక్కన పెట్టింది. కడిగించింది. కొబ్బరినూనె తన చేత్తోనే రాసింది. "పోలీసు కుక్కకు లేదమ్మా గిట్లాంటి ముక్కు, కోపం చెయ్యొద్దు" అన్నాడు భాయ్. ఆమెకు కోపం రాలేదు. పిండి కలపడం అయ్యేదాకా భాయ్ చేతి మీద నుంచి కన్ను తియ్యలేదు. గిన్నె భట్టీలోకి వెళ్ళాక మాత్రం ఇక ఒకచోట నిలబడలేకపోయింది. "నువ్వుండు, నేనలా తిరిగొస్తా" అని సందులోకి పోయింది.

కేకు బయటికి వచ్చింది. భాయ్ ఒక కుంచె తీసి, "పైన జర పూస్తున్నమ్మా, మెత్తగుంటది, మెరుస్తది" అన్నాడు. నా ధ్యాస కేకు పొంగిందన్న సంతోషం మీద ఉంది. "పుయ్యి" అన్నాను. రెండు మూడు సార్లు పూశాక చూశాను. గిన్నెలో తెల్లగా ఉంది.

"గదేంది భాయ్?"

"పాలల్ల చక్కెర. గంతే. అన్నిటికీ గదే పూస్తం" అని, అన్నాక తన చేతిలో కుంచె తనే చూసుకున్నాడు. "యా అల్లా" అన్నాడు.

అలవాటు పడ్డ చెయ్యి. వాణ్ణి నేనేమనగలను? పుయ్యి అన్నది నేను. మళ్ళీ చేద్దామంటే మైదా లేదు. పుట్టినరోజు ఆ సాయంత్రమే. భాయ్ నా మొహం చూసి, నేను వాడి మొహం చూసి, వాడు కాగితం చుట్టి డబ్బాలో పెట్టి దారం కట్టాడు. అప్పుడే ఆమె వచ్చింది. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరినూనె ఘాటుగా కొడుతోంది. "కొబ్బరి. నిమ్మకాయ" అంది. మొహం వెలిగిపోయింది. "నువ్వు లేకపోతే నాకిది దొరికేది కాదే."

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట విన్నాక మూసుకున్నాను.

ఆమె కూర్చోగా చూసింది ఆరోజే. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, వనస్థలిపురం దాకా. కేకు పక్కకు ఒరగకూడదని. నేను పక్కన కూర్చుని ప్రతి స్టాపులోనూ చెప్దామనుకుని, ప్రతి స్టాపులోనూ ఊరుకున్నాను.

సాయంత్రం నన్ను కూడా పిలిచారు. తలుపు దగ్గరే నిలబడ్డాను. పిల్ల కేకు కోసి, అమ్మకూ నాన్నకూ కాదు, ముందు నానమ్మ దగ్గరికే వచ్చింది. పైన మెరుస్తున్న ముక్క. ఆమె అలవాటు కొద్దీ ఎడమకన్ను మూసింది. ఒకసారి పీల్చింది. రెండోసారి పీల్చలేదు. తల ఎత్తి తలుపు వైపు, నా వైపు చూసింది. పిల్ల మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి ఎత్తి పట్టుకుంది. ఆమె నోరు తెరిచి ముక్క మొత్తం తిన్నది. "బాగుంది. నీ చెయ్యి మంచిదే" అంది. పిల్ల గెంతింది. ఆమె బాల్కనీలోకి పోయి ఈ చివర నుంచి ఆ చివరకు తిరగసాగింది.

ఆ రోజు ఆమె కొంచెం తుమ్ముతూ ఉంది. పడిశం, వాసన తెలియలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆరు నెలలు అదే చెప్పుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు. ఆ మర్నాటి నుంచి నల్ల కాఫీ కూడా మానేసింది. ఎందుకక్కా అంటే, పైత్యం చేసింది అంది. నమ్మాను. నమ్మడం నాకు తేలికగా ఉండింది.

వానాకాలంలో ఒకరోజు వచ్చి చీరలు ఇచ్చింది. సంచీ స్టూలు మీది నుంచి తీసుకుంటూ, పోయొస్తానన్నంత మామూలుగా చెప్పింది.

"డిసెంబర్‌లో మళ్ళీ దాని పుట్టినరోజొస్తుంది. ఆ భాయ్‌తో చెప్పు, ఈసారి పైన పంచదార నీళ్ళే పుయ్యమని."

అప్పటికే రోడ్డు మీద ఉంది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉంచి డబ్బాలోంచి బయటికి వంగాను.

"అక్కా! తెలిసే తిన్నవా?"

"పిల్ల చెయ్యి ఎత్తి ఎంతసేపు నిలబడుద్దే?" అంది నడుస్తూనే. తర్వాత, "చొక్కా చూసుకో, కాలుతోంది" అంది.

కాలింది. ఆమె ముక్కుకు అది రోడ్డు మీదికి కూడా తెలిసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కాఫీ సంగతి అప్పుడు ఆలోచించాను. పాలు ఒకసారి తిన్నందుకు కాఫీ వదిలేసిందన్నమాట. ఎవరూ వదలమనలేదు. కాశీకి పోయి వదలలేదు. వంటింట్లో నిలబడి వదిలేసి ఉంటుంది.

ఇంకా ఏదో అడగాలనుకుంటూనే ఉన్నాను. కార్తీకం వచ్చింది.

మొన్న అద్దాల దుకాణం ముందు నిలబడ్డప్పుడు నా సంచీలో మైదా, చక్కెర, కొబ్బరినూనె ఉన్నాయి. పోయిన వారం పిల్ల డబ్బా దగ్గరికి వచ్చి, నానమ్మ తిన్న కేకే కావాలంది. కోడలు వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంది. సరే అన్నాను. దుకాణంలోకి కూడా పోయాను, అబద్ధమెందుకు. అక్కడి పిల్ల ఒక ముక్క చేతికిచ్చింది. ఎడమకన్ను మూసి రెండుసార్లు పీల్చాను. నా ముక్కుకు ఏమీ తెలియలేదు. బోర్డు మీద ఉన్నది నిజమే అయ్యుంటుంది. కానీ నాకు చెప్పిన పని ఇది కాదు. బయటికొచ్చి మూసారాంబాగ్ బస్సెక్కాను.

భాయ్ నన్ను చూడగానే లేచాడు. తనే కుంచె కడుక్కుని వచ్చాడు. ఈసారి నేను భట్టీ దగ్గర నుంచి కదల్లేదు.

"పైన నీళ్ళే భాయ్. చక్కెర నీళ్ళు."

"అంత మెరవదమ్మా."

"మెరవకపోనీ."

నా కళ్ళ ముందే పంపు తిప్పి నీళ్ళు పట్టాడు. పూశాడు. మెరవలేదు.

తిరుగు బస్సు ఆడవాళ్ళతో నిండి ఉంది. ఒకామె జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది. డబ్బా ఆ సీటు మీద పెట్టి, ఒరగకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఓ అమ్మా, మనుషులకే దిక్కు లేదు, డబ్బాకు సీటా? ఒళ్ళో పెట్టుకోని కూచోరాదు?"

"కూచుంటే మళ్ళ లేవాలె గద" అన్నాను.